పేడ పద్దు

ఒక లీటరు స్పిరిటుకి
పన్నెండు లీటర్ల మురుగు.
నా లెక్కల పుస్తకంలో మొదటి పేజీ ఇదే.
కంకిపాడు దాటాక, బందరు రోడ్డు మీద
బస్సు కిటికీలు ఒక్కొక్కటే మూసుకునే చోట
మా ఫ్యాక్టరీ మొదలవుతుంది.
ఆ మూసుకున్న అద్దాల్ని ఏ ఖాతాలో రాయాలో
ఇరవై రెండేళ్ల కాస్టింగు ఉద్యోగంలో
నాకెవరూ చెప్పలేదు.

డికాషన్ రంగు నీళ్లు, పొగలు కక్కుతూ వస్తాయి.
మొలాసిస్‌లో తీపి ఈస్టు తినేసింది,
స్పిరిటు ట్యాంకరెక్కి వెళ్లిపోయింది,
మిగిలినదాన్ని గుంటల్లో నింపి
ఎండకి అప్పజెప్పేవాళ్లం.
ఎండ కూలడగదు,
వానాకాలం మాత్రం పనిలోకి రాదు.
ఓ శ్రావణంలో గట్టు తెగింది.
పంటకాలవలో చేపలు వెల్లకిలా తేలాయి.
ఆ యేడు ‘ఇతర ఖర్చులు’ కింద
ఎనిమిది లక్షల నలభై వేలు రాశాను.
చేప అన్న మాట రాయలేదు.

తర్వాత బెజవాడ గవర్నరుపేటలో
బ్యాంకు మేనేజరు బల్ల మీద కాగితాలు పరిచాను:
రోజుకి మూడువందల అరవై ఘనపు మీటర్ల మురుగు,
దాన్నుంచి పదివేల ఘనపు మీటర్ల గ్యాసు,
బాయిలరుకి పదహారు టన్నుల ఊక ఆదా,
టన్ను నాలుగువేలు.
ఆయన కాలిక్యులేటర్ ముట్టుకోలేదు.
“ఊక ధర పడిపోతే?” అన్నాడు.
నిజమే.
దాళ్వా విరగపండిన యేడు
మిల్లుల దగ్గర ఊక గుట్టలు పెరుగుతాయి,
నా గ్యాసు విలువ తరుగుతుంది.
ఊరికి మంచి కాలమొస్తే
నా పద్దుకి జ్వరమొస్తుంది.
ఏడు కోట్ల అప్పు నాలుగేళ్లలో తీరుతుందని
నేను రాసినచోట
పెన్సిలుతో ఆరు అని దిద్దాడు.

ట్యాంకు కట్టాం. మురుగు నింపాం.
గ్యాసు రాలేదు.
లోపల తినేవాళ్లుండాలి కదా!
అప్పుడొచ్చింది పేరంటాలు.
సొంతానికి పద్నాలుగు గేదెలు,
నాలుగూళ్ల పేడ పోగేసే ట్రాక్టరొకటి.
లోడు పద్దెనిమిది వందలంది.
పదిహేను వందలకి దించాను,
అరవై లోడ్లకి పద్దెనిమిది వేలు మిగిల్చానని
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.
వెళ్తూ వెళ్తూ అంది,
“పేడని పేడనే రాయి బాబూ,
వంకర పేర్లు పెట్టకు.”
పెట్టాను.
‘సూక్ష్మజీవుల విత్తనం, మూలధన వ్యయం.’

నలభై ఏడో రోజు
బర్నరు దగ్గర జక్రయ్య కేకేశాడు.
మంట పుట్టింది, పట్టపగలు కంటికానదు,
చెయ్యి దగ్గరపెడితే తెలిసింది.

మస్టరు లేదు, బోనసు లేదు,
పండక్కి సెలవడగని కూలీలు కోటానుకోట్లు.
అయినా ఊరికే పనిచేస్తారనుకోకండి.
గానుగ ఆగిన నెలల్లో పస్తు పెట్టకూడదు,
కాస్త మొలాసిస్ పోస్తుండాలి: అదో ఖర్చు.
పులుపెక్కితే అలుగుతాయి,
సున్నంతో బుజ్జగించాలి: అదో ఖర్చు.
గ్యాసులోని గంధకం ఇనప్పైపుల్ని కొరుక్కుతింటుంది,
యేటా కొత్తవి: అదో ఖర్చు.
జక్రయ్య దగ్గు
ఏ రిజిస్టర్లోనూ లేదు.

మేనేజరు పెన్సిలే గెలిచింది. ఆరేళ్లు.
ఆఖరి వాయిదా కట్టిన వారమే
గేటు దగ్గర పేరంటాలు కనిపించింది.
“నా పేడ ఇంకా లోపలే ఉందా?”
ఆ పేడ ఎప్పుడో పోయింది,
అందులోని పురుగుల పిల్లలు, వాటి పిల్లలు,
ఎన్ని తరాలో లెక్కలేదన్నాను.
కాసేపు ట్యాంకు వైపు చూసింది.
“చూడిగేదెని అమ్మితే
దూడెవరిదో ముందే మాట్లాడుకుంటాం.
పేడకి మాట్లాడుకోలా,
నా బుద్ధితక్కువ.”

నవ్వి ఊరుకున్నాను.
మధ్యాహ్నం పాత లెడ్జరు దింపి, దుమ్ము దులిపి,
ఆ పొడుగాటి పేరు మీద గీత గీసి
పక్కన ఎర్ర సిరాతో రాశాను:
పేడ.
మార్చిలో ఆడిటరొస్తాడు, ఇదేంటంటాడు.
అననీ.